పదిహేను అక్షరాల బేరం

గౌలిగూడ రామమందిరం వెనక సందులో మా అక్కయ్య వాళ్లుంటారు. మేడమీది గదిలో మేనల్లుడు కంప్యూటర్ ముందు కూచుని, ఫోన్లోకి వచ్చిన అక్షరాలను ఒక్కొక్కటే చూసి కొడుతున్నాడు. అయిదు అక్షరాలు, ఓ అడ్డగీత. మళ్లీ అయిదు, మళ్లీ గీత. ఇంకో అయిదు. మధ్యమధ్య అంకెలు. మొత్తం పదిహేనూ కొట్టి ఎంటర్ నొక్కాడు. ఈ కీని ఇంతకుముందే వేరే ఖాతాలో వాడేశారని తెర చెప్పింది. సున్నాకి బదులు ‘ఓ’ కొట్టానేమో అనుకుని మొదటినుంచీ మళ్లీ కొట్టాడు. అదే జవాబు.

“ఎక్కడ కొన్నావురా?”

“ఏదో సైట్ మామా. స్టీమ్‌లో ఈ ఆట పదిహేను వందలుంది. వీడు నాలుగు వందల ఎనభైకే ఇస్తానన్నాడు.”

“వీడంటే ఎవడు?”

ఆ ప్రశ్నకు జవాబు లేదు. సుల్తాన్ బజార్‌లో రెండొందల చొక్కా కొనాలంటే కుట్లు లాగి చూసి, వెలుతురులోకి తీసుకెళ్లి రంగు చూసి, రెండడుగులు వెనక్కి నడిచి బేరమాడే పిల్లాడు వీడు. మొహం తెలియనివాడికి, బిల్లు లేకుండా, పదిహేను అక్షరాల కోసం డబ్బు పంపాడు. సైట్ వాళ్లకు మెయిల్ పెడితే, అమ్మినవాణ్ని అడగమన్నారు. అమ్మినవాడు ఆ పాటికి పేరు మార్చుకుని ఉంటాడు.

నాలుగు వందల ఎనభై రూపాయలకు ఇంత పురాణం అక్కర్లేదు. కానీ ఆ పదిహేను అక్షరాల వెనక అమెరికాలో ఓ పెద్ద దావా నడుస్తోంది. ఐరోపాలో కోట్ల రూపాయల జరిమానాలు పడ్డాయి. సరుకు ఒకడిది, గోదాము ఇంకొకడిది, అమ్మకం మూడోవాడిది అయినప్పుడు ధర ఎవరు చెప్పాలన్నదే అక్కడి తగువు. గౌలిగూడ నుంచి అటు కోఠి వరకూ, ఇటు నాంపల్లి వరకూ నడిచొస్తే ఆ తగువులో ప్రతి మలుపుకీ ఇక్కడ ఒక కొట్టు కనిపిస్తుంది.

అట్టమీది అంకెలు

కీ అనేది కొత్త విషయమేం కాదు. వైస్ సిటీ రోజుల్లో ఆడినవాళ్లకు సీడీ అట్ట వెనక అంటించిన చీటీ గుర్తుంటుంది. అసలు సీడీ కొంటే చీటీ అచ్చయి వచ్చేది. కోఠి ఫుట్‌పాత్ మీద నకిలీ సీడీ కొంటే, ప్లాస్టిక్ కవర్ లోపల బాల్‌పెన్నుతో రాసిచ్చేవారు. ఒకే నంబరుతో ఊరంతా ఆడేది. నెట్ సెంటర్‌లో ఇద్దరు ఒకేసారి ఆన్‌లైన్‌కు వెళ్తే ఒకడు బయటపడేవాడు.

అమెరికాలోని వాల్వ్ అనే కంపెనీ 2003 సెప్టెంబరులో స్టీమ్ అనే కంప్యూటర్ ఆటల వేదికను మొదలుపెట్టింది. మరుసటి ఏడు నవంబరులో హాఫ్-లైఫ్ 2 అనే ఆట వచ్చింది. షాపులో డబ్బా కొన్నా సరే, అందులోని కీని స్టీమ్ ఖాతాలో కొట్టందే ఆట తెరుచుకోదు. అప్పట్లో జనం తిట్టుకున్నారు. తర్వాత డబ్బాలు పోయాయి, కీ మిగిలింది. ఇంకో కొట్టులో కొన్నా, ఆట తీసే వాళ్ల సొంత సైట్లో కొన్నా చేతికొచ్చేది ఆ అక్షరాలే. వాటిని స్టీమ్‌లో కొడితే ఆట దిగుతుంది.

ఇక్కడో వింత ఉంది. తన కొట్టులో అమ్ముడైన ప్రతి ఆటమీదా స్టీమ్ నూటికి ముప్పై తీసుకుంటుంది. (2018 చివర్లో పెద్ద కంపెనీలకు మాత్రం తగ్గించింది. కోటి డాలర్ల అమ్మకం దాటితే ఇరవై అయిదు, అయిదు కోట్లు దాటితే ఇరవై. సన్నకారు వాడికి ముప్పయ్యే. మన బేగంబజార్ హోల్‌సేల్ లెక్కే.) కానీ ఆట తీసినవాడు తన ఆటకు కీలు కావాలని అడిగితే స్టీమ్ ఉచితంగా ఇస్తుంది. బయట అమ్ముకుంటే అందులో పైసా అడగదు. ఆటను దింపే సర్వర్లు, అప్‌డేట్లు, ఆడినదంతా దాచిపెట్టడం, ఈ ఖర్చులన్నీ మాత్రం స్టీమ్‌వే. అంటే గోదాము ఇచ్చాడు, హమాలీని ఇచ్చాడు, అమ్మకం నువ్వే చేసుకో, డబ్బు నువ్వే ఉంచుకో అన్నాడు.

ఒక్క షరతు పెట్టాడు. నా కొట్టుకొచ్చిన గిరాకీని చిన్నబుచ్చొద్దు. కీలను బయట తక్కువకు అమ్మితే, కాస్త అటూ ఇటూగా అలాంటి తగ్గింపే నా దగ్గరా ఇవ్వాలి. అడిగినన్ని కీలు ఇచ్చి తీరాలనీ లేదు. ఓ ఆట తన దగ్గర పెద్దగా అమ్ముడవకపోతున్నా వేలకు వేల కీలు అడుగుతుంటే ఇవ్వనని 2017లోనే వాల్వ్ తేల్చిచెప్పింది.

ఇంతవరకూ నాకు స్టీమ్ తప్పేమీ కనపడదు. నా గోదాములోంచి సరుకు తీసుకెళ్లి, నా గుమ్మం ముందే నాకంటే తక్కువకు అమ్ముతానంటే ఏ సేఠ్ ఒప్పుకుంటాడు? చిక్కల్లా కీ లేని సరుకు దగ్గర మొదలైంది.

నాంపల్లి లాడ్జి లెక్క

నాంపల్లి స్టేషన్ ఎదుట లాడ్జీలున్నాయి కదా. మొన్న ఊరినుంచి వస్తున్న బంధువుల కోసం ఓ లాడ్జికి ఫోన్ చేశాను. ఫోన్ యాప్‌లో పన్నెండు వందలు చూపించిందన్నాను. అవతలాయన గొంతు తగ్గించాడు. “యాప్ వద్దు సార్. డైరెక్ట్‌గా రండి, వెయ్యికి ఇస్తా. బోర్డు మీద మాత్రం పన్నెండు వందలే ఉంటది, అడగొద్దు.”

ఆ గొంతు తగ్గించడానికి ఓ చరిత్ర ఉంది. మేక్‌మైట్రిప్, గోఐబిబో తమతో ఒప్పందం కుదుర్చుకున్న హోటళ్లకు ఓ నిబంధన పెట్టాయి. మా దగ్గర చూపించే ధరకన్నా తక్కువకు ఇంకే యాప్‌లోనూ, మీ సొంత సైట్లోనూ గది ఇవ్వకూడదన్నది దాని సారాంశం. హోటళ్ల సమాఖ్య ఫిర్యాదు చేసింది. 2022 అక్టోబరు 19న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఆ రెండింటికీ కలిపి 223.48 కోట్ల రూపాయల జరిమానా వేసి, ఒప్పందాల్లోంచి ఆ నిబంధన తీసేయమంది. అదే ఉత్తర్వులో ఓయోకి 168.88 కోట్లు పడింది.

ఈ నిబంధన చూడ్డానికి వినియోగదారుడి పక్షాన ఉన్నట్టే ఉంటుంది. మా దగ్గరే అతి తక్కువ ధర అని గర్వంగా చెప్పుకోవచ్చు. దాని అసలు పని లెక్క వేస్తేగానీ తెలియదు. వెయ్యి రూపాయల ఆట ఒకటి తీసుకుందాం. స్టీమ్‌లో అమ్మితే మూడొందలు కొట్టువాడికి, ఏడొందలు ఆట తీసినవాడికి. 2018 డిసెంబరులో ఎపిక్ గేమ్స్ స్టోర్ వచ్చింది. అప్పుడది తీసుకున్నది నూటికి పన్నెండే. ఆట తీసినవాడు అక్కడ ధర ఎనిమిది వందలకు దించాడనుకోండి. తొంభై ఆరు రూపాయలు ఎపిక్‌కు పోగా ఏడొందల నాలుగు మిగులుతుంది. తనకు నాలుగు రూపాయలు ఎక్కువే, కొన్నవాడికి రెండొందలు తక్కువ. కొత్త కొట్టుకి జనం వస్తారు. అది చూసి పాత కొట్టు తన ముప్పైని ఇరవైకి దించాలా అని ఆలోచించాల్సి వస్తుంది. పోటీ అంటే ఇదే కదా.

కానీ రెండుచోట్లా వెయ్యే ఉండాలంటే? కొనేవాడు పాత కొట్టు వదిలి ఎందుకెళ్తాడు? స్నేహితుల జాబితా అక్కడే ఉంది, పదేళ్లుగా కొన్న ఆటలన్నీ అక్కడే ఉన్నాయి. తక్కువ కమీషన్ తీసుకునే కొట్టు ఆ తక్కువను గిరాకీకి చూపించే దారే ఉండదు.

డేవిడ్ రోజెన్ అనే ఆటల రూపకర్త వేసిన దావా సరిగ్గా దీనిమీదే. ఆయన కంపెనీ వుల్ఫైర్ గేమ్స్, ఆయన ఆట ఓవర్‌గ్రోత్. దాన్ని తక్కువ కమీషన్ తీసుకునే చోట తక్కువ ధరకు పెడతానని, అందులో స్టీమ్ కీ ప్రసక్తే ఉండదని అడిగితే, అలా చేస్తే ఓవర్‌గ్రోత్‌ను స్టీమ్‌లోంచి తీసేస్తామని వాల్వ్ చెప్పిందని 2021లో ఆయన బాహాటంగా రాశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో సియాటిల్‌లోని ఫెడరల్ కోర్టులో వుల్ఫైర్ దావా వేసింది. నవంబరులో జడ్జి కొట్టేశారు. సవరించి మళ్లీ వేస్తే, 2022 మేలో కొన్ని ఆరోపణలు విచారణకు నిలుస్తాయన్నారు. 2024 నవంబరులో అది ఒక్క వుల్ఫైర్ గొడవ కాదని, స్టీమ్‌లో ఆటలు అమ్ముకునే వాళ్లందరి తరఫున సాగొచ్చని అనుమతించారు. తమ ధర షరతు కీలకే గానీ విడిగా అమ్మే ఆటలకు కాదన్నది వాల్వ్ వాదన.

వుల్ఫైర్ వాళ్ల చరిత్ర కూడా కాస్త చెప్పుకోవాలి. 2010 మేలో హంబుల్ ఇండీ బండిల్ అని కొన్ని ఆటలు కలిపి, మీకు తోచినంత ఇవ్వండి అని అమ్మింది వీళ్లే. జనం ఒక్క సెంటు ఇచ్చి బండిల్ పట్టుకెళ్లిన ఉదంతాలున్నాయి. స్టీమ్ కీలు కూడా ఇవ్వడం మొదలయ్యాక, కీలు కావాలంటే కనీసం డాలరు కట్టాలని నియమం పెట్టక తప్పలేదు. తోచినంత ఇమ్మంటే ఏం తోస్తుందో కోఠిలో ఎవరినడిగినా చెప్పేవారు.

వాల్వ్ కొట్టు నడపడమే కాదు, కౌంటర్-స్ట్రైక్ లాంటి సొంత సరుకూ అదే కొట్టులో అమ్ముతుంది. గౌలిగూడలో ఈ మాట వింటే పాత సీబీఎస్ బస్‌స్టేషన్ గుర్తొస్తుంది. 2018 జులైలో కూలిపోయిన ఆ పెద్ద రేకుల షెడ్డు నిజాం కాలంనాటిది. 1932లో ఇరవై ఏడు బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా విభాగం. రైలూ వాళ్లదే, బస్సూ వాళ్లదే. రైలు టికెట్టు ఎక్కువైందని బస్సెక్కినా డబ్బు ఒకే గల్లాలో పడేది.

మావాడి కీ ఎక్కణ్నుంచి వచ్చింది?

దీనికి దారులు చాలా ఉన్నాయి. కొన్ని సక్రమమైనవే. డిస్కౌంట్ రోజుల్లో కొని దాచిపెట్టి, ధర పెరిగాక అమ్మడం. బండిల్‌లో వచ్చిన అక్కర్లేని కీ వదిలించుకోవడం. ఇంకో దారి ఉత్త మోసం. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో ఆట తీసినవాడి సొంత సైట్లోనే కీలు కొంటారు. వెంటనే వాటిని రీసేల్ సైట్లో సగం ధరకు పెడతారు. నెల తిరిగేసరికి కార్డు అసలు యజమాని బ్యాంకులో ఫిర్యాదు చేస్తాడు. బ్యాంకు డబ్బు వెనక్కి లాక్కుంటుంది, పైన ఆ తిప్పలకు రుసుమూ వేస్తుంది. ఆట పోయింది, డబ్బు పోయింది, ఎదురు కట్టాల్సొచ్చింది. తిక్కరేగి ఆ కీలు రద్దు చేస్తే, అమాయకంగా కొన్న మావాడిలాంటివాళ్లు వచ్చి ఆటను తిడుతూ రివ్యూ రాసి పోతారు.

ఫ్యాక్టోరియో తీసిన చెక్ కంపెనీ వూబ్ సాఫ్ట్‌వేర్ దీన్ని చివరిదాకా తేల్చింది. 2019లో జీటూఏ అనే పెద్ద రీసేల్ సైట్ ఓ సవాలు విసిరింది. తమ సైట్లో దొంగ కీలు అమ్ముడయ్యాయని రుజువైతే, ఆట కంపెనీకి జరిగిన నష్టానికి పదింతలు ఇస్తామంది. వూబ్ ముందుకొచ్చి జాబితా ఇచ్చింది. తనిఖీలో 198 కీలు దొంగవేనని తేలింది. 2020లో జీటూఏ 39,600 డాలర్లు కట్టింది. అంతకుముందు 2015 జనవరిలో ఫార్ క్రై 4 కీలను యూబీసాఫ్ట్ పెద్ద ఎత్తున రద్దు చేసి నానా మాటలూ పడింది.

మన హైదరాబాద్‌లోనూ స్టీమ్ మీద ఆటలు పెట్టినవాళ్లున్నారు. ఓగర్ హెడ్ స్టూడియో తీసిన ‘అసుర’ 2017లో అక్కడే విడుదలైంది. ఏ ఊళ్లోనైనా చిన్న స్టూడియో ఆట విడుదల చేసిన మర్నాటినుంచి మెయిల్ పెట్టె నిండిపోతుంది. నాకు యూట్యూబ్ ఛానల్ ఉంది, రెండు కీలు పంపండి. మా క్యూరేటర్ పేజీకి ఇరవై వేలమంది, మూడు కీలు పంపండి. అక్షరం తేడాతో అసలు ఛానల్ పేరులాగే ఉన్న చిరునామా. మొహమాటానికి పోయి పంపితే, సాయంత్రానికి ఆ మూడూ రీసేల్ సైట్లో ఉంటాయి. పెళ్లికి పంచిన శుభలేఖ చూపించి ఎవరెవరో వచ్చి భోంచేసి పోయినట్టు.

నగరంలో గురువారం నాడు జుమ్మెరాత్ బజార్ జరుగుతుంది. అక్కడ మిక్సీ కొనేవాడికి, ఇది పని చెయ్యకపోవచ్చని తెలుసు. అందుకే ప్లగ్గు పెట్టి తిప్పించి చూస్తాడు. కీకి ఆ అవకాశం లేదు. పనిచేస్తుందో లేదో చూడాలంటే వాడాలి. వాడితే అయిపోతుంది. ఇంత తెలిసినా రీసేల్ సైట్లను మొత్తంగా మూయించమనే వాళ్లతో నేను ఏకీభవించలేను. ఎందుకంటే, సరుకు రెండోసారి చేతులు మారే చోటు అంటూ డిజిటల్ ప్రపంచంలో మిగిలింది దాదాపు ఇదొక్కటే.

కోఠిలో సగం ధర

గౌలిగూడ దాటి కోఠి వైపు నడిస్తే సెకండ్‌హ్యాండ్ పుస్తకాల కొట్లు. ఇంజినీరింగ్ చదివిన ప్రతివాడికీ తెలిసిన చోటు. “సెమ్ అయినంక తెచ్చిస్తే సగం పైసలు వాపస్ ఇస్తం అన్నా. పేజీలు చినగొద్దు, పెన్నుతోని గీయొద్దు.” ఏ కాగితమూ ఉండదు, అట్ట లోపలివైపు పెన్సిల్‌తో ఓ అంకె వేస్తాడు. అంతే ఒప్పందం. ఆదివారమైతే అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందంతా ఇదే.

ఆ పుస్తకాల్లో కొన్నిటి అట్టమీద ఓ వాక్యం ఉంటుంది. ఈ ప్రతి భారత్‌లోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ మాత్రమే అమ్మకానికి. ప్రెంటిస్-హాల్ వాళ్ల ఈస్టర్న్ ఎకానమీ ఎడిషన్లతో చదువుకున్న తరం మాది. అమెరికాలో వంద డాలర్ల పుస్తకం ఇక్కడ మూడు, నాలుగు వందల రూపాయలకు. ఆటలదీ ఇదే పద్ధతి. స్టీమ్ 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టింది. అంతకుముందు డాలర్లలో చూసి, విదేశాల్లో చెల్లే కార్డు ఎవరి దగ్గరుందా అని వెతుక్కునేవాళ్లం. ఇక్కడి ధరకు కొన్న కీ అక్కడ పనిచేస్తే మనవాళ్లే డాలర్లకు అమ్ముకుంటారు గనక, చాలా కీలకు దేశం గీత గీస్తారు.

పుస్తకాల గీతను అమెరికా సుప్రీంకోర్టు చెరిపేసింది. థాయ్‌లాండ్ నుంచి చదువుకోడానికి వెళ్లిన సుపాప్ కిర్ట్‌సేంగ్, తన దేశపు చవక పుస్తకాలను ఇంటివాళ్లతో తెప్పించుకుని ఈబేలో అమ్మాడు. జాన్ వైలీ కంపెనీ కోర్టుకెక్కింది. 2013 మార్చిలో కిర్ట్‌సేంగ్ గెలిచాడు. సక్రమంగా కొన్న పుస్తకాన్ని ఎక్కడైనా తిరిగి అమ్ముకోవచ్చన్నారు.

ఆటల గీతమీద ఐరోపా కన్నెర్రజేసింది. చెక్, పోలండ్, హంగరీ, రొమేనియా, బాల్టిక్ దేశాల్లాంటి చోట్ల చవగ్గా అమ్మిన కీలు పడమటి దేశాల్లో పనిచెయ్యకుండా చేశారని, 2021 జనవరి 20న వాల్వ్‌కూ మరో అయిదు ప్రచురణ సంస్థలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా వేసింది. వాల్వ్ వాటా 16 లక్షల పైన. వాల్వ్ అప్పీలుకు వెళ్లి 2023 సెప్టెంబరులో ఓడింది. ఐరోపా అంతా ఒకే అంగడి అన్నది వాళ్ల నియమం గనక అక్కడ ఆ తీర్పు సబబే.

మనకు మాత్రం అది అచ్చిరాదు. గీతలన్నీ చెరిపితే ధర దిగివస్తుందనుకోవడం అత్యాశ. కంపెనీలు చేసే పని ఇక్కడి ధరను అక్కడి ధరకు పెంచడం. అర్జెంటీనా, తుర్కియేల్లో అదే జరిగింది. అక్కడి చవక ధరల కోసం ఎక్కడెక్కడివాళ్లో దొంగదారిన ఖాతాలు తెరిచారు. ఆ దేశాల కరెన్సీలు కూడా నిలకడగా లేవు. 2023 నవంబరులో స్టీమ్ రెండు దేశాల్లోనూ సొంత కరెన్సీ తీసేసి డాలర్లకు మార్చింది. నిజంగా అక్కడే ఉండి ఆడుకునే పిల్లలకు చాలా ఆటలు రాత్రికిరాత్రి అందకుండా పోయాయి. కోఠి పుస్తకం అట్టమీది ఆ వాక్యాన్ని తిట్టుకుంటూనే డిగ్రీ పూర్తి చేసినవాణ్ని గనక, ఈ ఒక్క గీత విషయంలో నేను కంపెనీల పక్షం.

ఆడేసిన ఆటను తిరిగి అమ్ముకోవడం సంగతి వేరు. ఫ్రాన్స్‌లో యూఎఫ్‌సీ-క ష్వాజీర్ అనే వినియోగదారుల సంఘం దీనికోసం స్టీమ్ మీద పోరాడింది. 2019 సెప్టెంబరులో పారిస్ కోర్టు, అమ్ముకోవచ్చు అంది. 2022లో పై కోర్టు, కాదంది. 2024 అక్టోబరులో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ఆ కాదన్నదాన్నే ఖాయం చేసింది. పుస్తకం చేతులు మారేకొద్దీ నలుగుతుంది, డిజిటల్ ప్రతి నలగదు, వందోవాడికీ కొత్తదే, ఇక కొత్తది ఎవరు కొంటారన్నది కంపెనీల భయం. అదే నెలలో కొనే చోట స్టీమ్ ఓ వాక్యం చేర్చింది. మీరు కొంటున్నది ఆ వస్తువును వాడుకునే లైసెన్సు మాత్రమే. కాలిఫోర్నియాలో కొత్త చట్టం రాబోతుండటంతో కళ్లు తెరిచారు. ఇరవై ఏళ్లుగా నిజం అదే.

మనదగ్గర ఈ తగువులు ఫోన్ ఆటల మీదుగా వస్తున్నాయి. ప్లేస్టోర్‌లో చెల్లింపులన్నీ తన పద్ధతిలోనే జరగాలన్నందుకు కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలులో అది 216.69 కోట్లకు తగ్గింది. కొన్ని రకాల ఆటలనే ప్లేస్టోర్‌లోకి రానిచ్చి మిగతావాటిని బయట నిలబెట్టారన్న విన్‌జో అనే ఆటల కంపెనీ ఫిర్యాదుపై 2024 నవంబరులో విచారణకు ఆదేశించింది. లాడ్జి గదుల మీద ధర షరతు తప్పన్న దేశం, ఆటల మీద అదే షరతు ఎదురైతే ఏమంటుందో ఊహించడం కష్టం కాదు.

మావాడు కిందటి వారం రెండో సంవత్సరం పుస్తకాలు నాలుగు సంచిలో వేసుకుని కోఠి వెళ్లాడు. కొట్టాయన ప్రతి పుస్తకం అంచు పట్టుకుని పేజీలు జరజరా తిప్పి, ఒకదాంట్లో పెన్సిల్ గీతలు చూసి ముప్పై రూపాయలు కోశాడు. వీడు గొడవపడి ఇరవై తిరిగి రాబట్టాడు. చేతికి ఆరొందల అరవై వచ్చాయి. ఇంటికి రాగానే స్టీమ్ తెరిచాడు. సేల్ నడుస్తోంది, పదిహేను వందల ఆట ఆరొందలకే ఉంది. యూపీఐ చేశాడు, డబ్బు స్టీమ్ వాలెట్‌లోకి చేరింది. ఆట కొన్నాక అరవై మిగిలాయి.

“మామా, ఈ అరవై వెనక్కి తీసుకోవడం ఎలా?”

వాలెట్‌లో పడింది బయటికి రాదురా అన్నాను. తల ఊపి, అరవై లోపు ఏమున్నాయో వెతకడం మొదలుపెట్టాడు.